పద్మిని, 800, మినీ, బీటిల్: గుద్దుకుంటే ఏ పాత చిన్న కారు ఎంతవరకు కాపాడుతుంది?

"అప్పటి రేకు చూడండి సార్, ఎంత మందమో! ఇప్పటి బండ్లు వేలితో నొక్కినా సొట్ట పడతాయి." పాత కారు అమ్మేవాళ్ల నోట ఈ మాట రాకుండా ఉండదు. బానెట్ మీద అరచేత్తో ఓ దెబ్బ వేసి, ఠంగుమన్న ఆ శబ్దమే గ్యారంటీ అన్నట్టు మన వైపు చూస్తారు. రేకు మందం సంగతి నిజమే. దాన్నిబట్టి బండి గట్టిదని, లోపలున్నవాళ్లకు ఢోకా లేదని అనుకోవడం దగ్గరే పప్పులో కాలేస్తున్నాం.

పాత చిన్న కారు ఒకటి ఇంటికి తెచ్చుకోవాలని ఉండి, పద్మినియా, మారుతి 800నా, లేక ఎవరో ఎప్పుడో విదేశం నుంచి తెప్పించుకున్న మినీయో బీటిలో తీసుకుందామా అని ఊగిసలాడుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ధర, స్పేర్ పార్టులు, మైలేజీ గురించి చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. ఇక్కడ ఒక్క ప్రశ్నే చూద్దాం: యాక్సిడెంట్ అయితే లోపలున్న మనిషి గతేంటి?

నా మాట ముందే చెప్పేస్తాను. వీటిలో సేఫ్ అని చెప్పదగ్గ బండి ఒక్కటీ లేదు. తేడాలు మాత్రం ఉన్నాయి. ఆ తేడాల్లో సగం బండి ఏ కాలంలో డిజైన్ అయిందన్న దానిలో ఉంటే, మిగతా సగం మీ ముందు నిలబెట్టిన ఆ ఒక్క బండి అడుగున ఎంత తుప్పు ఉందన్న దానిలో ఉంటాయి. కంపెనీ పేరు ఆ తర్వాతే.

నలగాల్సింది ఏది, నలగకూడనిది ఏది

50 కిలోమీటర్ల వేగంతో గోడను గుద్దుకోవడం దాదాపు పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీద నుంచి కింద పడటంతో సమానం. అదే 64 కిలోమీటర్లయితే 16 మీటర్లు, ఐదంతస్తులు. ఆ వేగమంతా సున్నా అయ్యేలోగా బండి ఎంత దూరం నలిగింది అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. 50 వేగంలో ఉన్న మనిషి అర మీటరు దూరంలో ఆగితే, ఒంటి మీద పడే బలం అతని బరువుకు 20 రెట్లు. పావు మీటరులోనే ఆగిపోతే 40 రెట్లు. 70 కిలోల మనిషికి మొదటి లెక్కలో 1,400 కిలోలు, రెండో లెక్కలో 2,800 కిలోలు. క్యాచ్ పట్టేవాడు బంతితో పాటు చేతుల్ని వెనక్కి లాగేది ఇందుకే.

కాబట్టి ముందు భాగం నలగాలి. డ్రైవర్ కూర్చున్న గది నలగకూడదు. మెర్సిడెస్ ఇంజనీరు బేలా బారెన్యీ 1951లో పేటెంట్ కోరింది ఈ ఆలోచన మీదే. 1959లో వచ్చిన మెర్సిడెస్ సెడాన్‌లో అది రోడ్డెక్కింది. అదే ఏడాది వోల్వోలో నీల్స్ బోలిన్ మూడు పాయింట్ల సీటు బెల్టు పెట్టాడు. మినీ పుట్టింది కూడా 1959లోనే, కానీ అందులో ఈ రెండూ లేవు. పద్మినికి మూలమైన ఫియట్ 1100 అప్పటికే ఆరేళ్ల బండి. బీటిల్ అయితే రెండో ప్రపంచ యుద్ధానికి ముందు గీసిన బొమ్మ.

ఇక మందపాటి రేకు సంగతి. అమెరికాలో బీమా కంపెనీలు నడిపే హైవే సేఫ్టీ సంస్థ 2009లో తన యాభయ్యో ఏట ఒక పరీక్ష చేసింది. 1959 నాటి షెవర్లే బెల్ ఎయిర్, 2009 నాటి షెవర్లే మాలిబు. రెండింటినీ 64 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా, సగం సగం తగిలేలా గుద్దించారు. బెల్ ఎయిర్ చిన్న కారు కాదు, ఓడంత బండి. రేకు మందానికి దాన్ని మించిన ఉదాహరణ దొరకదు. అయినా డ్రైవర్ గది మొత్తం కూలిపోయింది. స్టీరింగ్, డ్యాష్‌బోర్డు వచ్చి బొమ్మ మనిషి మీద పడ్డాయి. మాలిబు ముందు భాగం తుక్కయింది కానీ గది నిలబడింది, బొమ్మకు కాలి దగ్గర చిన్న దెబ్బతో సరిపోయింది. ఆ వీడియో చూశాక కూడా "అప్పటి ఇనుము" అనేవాళ్లకు చెప్పగలిగింది ఏమీ లేదు.

చిన్న బండ్లను గుద్దించి చూస్తే

కార్లను గుద్దించి చూసి స్టార్లు ఇచ్చే యూరప్ సంస్థ యూరో ఎన్‌క్యాప్ తన మొదటి ఫలితాలు 1997 ఫిబ్రవరిలో బయటపెట్టింది. ఆ మొదటి జట్టంతా చిన్న కార్లే: ఫియెస్టా, పోలో, పుంటో, మైక్రా, క్లియో, కోర్సా, రోవర్ 100. అప్పటి పరీక్ష ఇలా ఉండేది: 64 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు ముందు భాగంలో డ్రైవర్ వైపు 40 శాతం మాత్రమే వెళ్లి, తేనెపట్టులాంటి అల్యూమినియం పొర తొడిగిన దిమ్మెను గుద్దేది. ఎదురుగా వచ్చే బండి మన లేన్‌లోకి వచ్చి సగం తగిలినట్టన్న మాట. మన సింగిల్ రోడ్ల మీద ఓవర్‌టేక్ చేయబోయి జరిగేవి చాలావరకు ఇలాంటివే.

ఆ జట్టులో ఫియెస్టా, పోలోలకు మూడు స్టార్లు వచ్చాయి. రోవర్ 100కు వచ్చింది ఒకే ఒక్క స్టార్. పేరు కొత్తది కానీ బండి పాతది. 1980 నాటి ఆస్టిన్ మెట్రోనే పౌడర్ రాసి నిలబెట్టారు. డ్రైవర్ కూర్చునే చోటు నలిగి మూసుకుపోయింది. ఫలితాలు వచ్చాక అమ్మకాలు పడిపోయి, అదే ఏడాది ఆ మోడల్ ఆగిపోయింది. ఇరవై ఏళ్ల తర్వాత, 2017లో, ఇంగ్లండ్‌లోని థాచమ్ సంస్థ ఒక రోవర్ 100నూ, అప్పటి కొత్త హోండా జాజ్‌నూ అదే పరీక్షలో మళ్లీ పక్కపక్కన పెట్టి చూపించింది. పాత చిన్న కారు కొనబోయేవాళ్లకు నేను ముందు చూడమనేది ఆ రెండు ఫొటోలనే: ఒకదాంట్లో డ్రైవర్ తలుపు మడతపడి ఉంటుంది, రెండోదాంట్లో తలుపు మామూలుగా తెరుచుకునేలా ఉంటుంది.

ఇలాంటివే మరో రెండు. ఆస్ట్రేలియాలో 2017లో 1998 నాటి టొయోటా కరోలాను 2015 కరోలాతో గుద్దించారు. పాతదానికి 16 పాయింట్లకు 0.40, కొత్తదానికి 12.93 వచ్చాయి. 1998 అంటే మరీ రాతియుగం కాదు, మనలో చాలామంది అప్పటికే కారు నడుపుతున్నాం. మెక్సికోలో నిస్సాన్ సురు అనే బండి 1990ల మొదట్లోని డిజైన్‌తోనే 2017 దాకా కొత్తగా తయారవుతూ వచ్చింది. 2016లో దాన్ని అదే కంపెనీ కొత్త కారు వెర్సాతో ఎదురెదురుగా గుద్దించారు. సురులో డ్రైవర్‌కు బతికే చోటు మిగల్లేదు.

ఇక మన సంగతి. అలాంటి పరీక్షలే చేసే అంతర్జాతీయ సంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్ 2014 జనవరిలో మన చిన్న కార్ల ఫలితాలు ప్రకటించింది. ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలో. ఎయిర్‌బ్యాగు లేని మోడళ్లనే తీసుకున్నారు, పెద్దవాళ్ల రక్షణలో ఐదింటికీ సున్నా. కానీ సున్నాల్లోనూ తేడా ఉంది. దాన్ని పేపర్లు పెద్దగా పట్టించుకోలేదు. ఆల్టో, నానో, ఐ10 బాడీలే నిలవలేదు. ఫిగో, పోలో బాడీలు నిలిచాయి. ఎయిర్‌బ్యాగులు లేక సున్నా పడింది. పోలోకు రెండు ఎయిర్‌బ్యాగులు పెట్టి మళ్లీ పరీక్షిస్తే నాలుగు స్టార్లు వచ్చాయి. బాడీ నిలవని బండిలో ఎయిర్‌బ్యాగు పెట్టినా అంత మార్పు రాదు. గది కూలిపోయాక ఆ సంచి ఎక్కడ తెరుచుకుంటుంది?

పద్మిని, పాత 800 ఆ జాబితాలో లేవు. అయితే 2012లో వచ్చిన ఆల్టో 800 బాడీ నిలవలేదంటే, దానికన్నా పాతకాలపు, దానికన్నా తేలికైన 800 నిలుస్తుందని ఆశించడానికి కారణం ఒక్కటీ కనబడదు.

బరువు లెక్క

దిమ్మె పరీక్షలో కారు తన బరువునే తాను తట్టుకోవాలి. రోడ్డు మీద ఎదుటివాడి బరువు కూడా మనమే మోయాలి. 650 కిలోల 800, 1,700 కిలోల ఎస్‌యూవీ రెండూ 50 వేగంతో ఎదురెదురుగా గుద్దుకున్నాయనుకోండి. ఎస్‌యూవీ వేగం సుమారు 28 కిలోమీటర్లు తగ్గుతుంది. 800 మాత్రం ఆగడంతో సరిపోదు, వెనక్కి నెట్టుకుపోతుంది. దాని వేగంలో మార్పు 72 కిలోమీటర్లు. మీటర్‌లో ముల్లు 50 దగ్గరే ఉన్నా, మీ ఒంటికి 72 కిలోమీటర్ల దెబ్బే. అదే 900 కిలోల పద్మిని అయితే 65. తేడా ఉంది కానీ సంబరపడేంత లేదు.

అందుకే ఏ పాత చిన్న కారు అన్నదానికన్నా, దాన్ని ఏ రోడ్డు మీదకు తీసుకెళ్తారన్నది ముందు తేల్చుకోమంటాను. ఆదివారం పొద్దున ట్యాంక్‌బండ్ చుట్టూనో, విశాఖ బీచ్ రోడ్డులోనో 30, 40 వేగంలో తిరగడం వేరు. లారీలు, ఎస్‌యూవీలు వంద దాటి పోయే ఔటర్ రింగ్ రోడ్డు, విజయవాడ హైవే వేరు. రెండో పనికి ఈ నాలుగింటిలో దేన్నీ నేను సిఫారసు చేయను.

ఇక బండ్లు ఒక్కొక్కటి

పద్మిని అసలు ఇటలీలో 1953లో వచ్చిన ఫియట్ 1100. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ కంపెనీ 1964 నుంచి 1100 డిలైట్‌గా, 1970లలో పద్మినిగా మార్చి, శతాబ్దం చివరి దాకా చేస్తూనే ఉంది. బొంబాయి నలుపు పసుపు టాక్సీల్లో ఆఖరిది 2023 అక్టోబర్‌లో రిటైరైంది. దీనికి అనుకూలంగా చెప్పదగ్గవి రెండు. ఇంజిన్ బండి పొడవునా ఉండి, ముక్కు కాస్త పొడుగ్గా ఉండటం వల్ల మీ మోకాళ్లకూ బంపర్‌కూ మధ్య 800లో కన్నా దూరం ఎక్కువ. బరువు కూడా పావు టన్ను ఎక్కువ. ప్రతికూలం పెద్ద జాబితానే. ఎక్కడ ఎంత నలగాలన్న లెక్క ఆ ముక్కులో లేదు. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. పాత మోడళ్లలో ముందు సోఫాలాంటి ఒకటే సీటు, తల ఆనడానికి ఏమీ ఉండదు. వెనుక నుంచి ఆటో వచ్చి తగిలినా మెడ పట్టేస్తుంది. పెద్ద పలుచని స్టీరింగ్ చక్రం, దాని వెనుక నిటారు ఇనుప కడ్డీ. బెల్టు లేనివాడి ఛాతీకి ముందు తగిలేది అదే.

నేను పద్మిని వద్దనను. బెల్టులు సరిగ్గా బిగించి, ఊళ్లోనే తిప్పుకుంటానంటే అదొక ఆనందం. హైవే మీద కుటుంబంతో తిరుపతి వెళ్తానంటే మాత్రం మనసు ఒప్పదు.

మారుతి 800లో నిజానికి రెండు బండ్లున్నాయి. 1983 డిసెంబర్ 14న ఇందిరాగాంధీ మొదటి తాళం ఇచ్చింది ఎస్‌ఎస్80 అనే మోడల్‌కు. 1986లో బాడీ మారింది. మనం రోడ్ల మీద చూస్తూ పెరిగిన ఆకారం అది, 2014 జనవరి దాకా నడిచింది. రెండింటి మూలం జపాన్‌లోని కెయ్ తరగతి కార్లు. అక్కడ అప్పటి చట్టం ప్రకారం ఆ కార్ల పొడవు 3.2 మీటర్లు, వెడల్పు 1.4 మీటర్లు దాటకూడదు. మన మోడల్‌ను కొంచెం సాగదీశారు కానీ ఆ కొలతల ఇరుకు అలాగే ఉంది. ముక్కు పొట్టి, తలుపు పలచన, భుజానికీ తలుపుకూ మధ్య జానెడు కూడా ఉండదు. పక్క నుంచి గుద్దితే ఆ జానెడే మిగిలిన రక్షణ.

సేకరించేవాళ్ల కన్ను ఎస్‌ఎస్80 మీద ఉంటుంది. మొదటి బండి, దొరకడం కష్టం, చెప్పుకోవడానికి బాగుంటుంది. భద్రత అడిగితే నా ఓటు మాత్రం తిరుగులేకుండా చివరి 800లకే. కారణం చాలా మామూలుది. మన దేశంలో ముందు సీట్లకు బెల్టులు 1994 నుంచి, వెనుక సీట్లకు 2002 చివరి నుంచి తప్పనిసరయ్యాయి. అంటే 2003 తర్వాతి 800లో బెల్టు పాయింట్లు కంపెనీలోనే బాడీలో వెల్డ్ అయి వస్తాయి. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, ముందు సీట్లకు తల ఆనేంత ఎత్తు వీపు కూడా ఉంటాయి. "అదేం క్లాసిక్కండీ, మా పక్కింటాయన ఇంకా ఆఫీసుకు వేసుకెళ్తున్నాడు" అని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

మినీ. మూడు మీటర్ల పైన నాలుగు వేళ్ల పొడవు, పదంగుళాల చక్రాలు, అడ్డంగా పెట్టిన ఇంజిన్. అలెక్ ఇసిగోనిస్ చేసిన ఆ పని ఈనాటికీ చిన్న కార్లన్నిటికీ దారి చూపిస్తూనే ఉంది. బండి రోడ్డును పట్టుకునే తీరు, తిరిగే చురుకు వల్ల గుద్దుకోవాల్సిన సందర్భాలే తక్కువ పడతాయని అభిమానులంటారు. అందులో కొంత నిజం ఉంది. ఎదుటివాడు తప్పు చేస్తే ఆ చురుకు ఎందుకూ కొరగాదు. మినీ కొనాలనే ఉంటే వీలైతే 1996 తర్వాతివి చూడండి. 2000లో ఆగిపోయే ముందు వచ్చిన ఆ చివరి విడతలో డ్రైవర్ ఎయిర్‌బ్యాగు, తలుపుల్లో అడ్డ కడ్డీలు, గుద్దుకోగానే బిగుసుకునే బెల్టులు పెట్టారు. 1959 నాటి బాడీలో అవి ఎంతవరకు పనిచేస్తాయన్నది వేరే సంగతి. ఏమీ లేనిదానికన్నా నయం. మన దగ్గర అవి దొరకడం కష్టం. ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్లకు సులువు.

బీటిల్‌లో ఇంజిన్ వెనుక ఉంటుంది కాబట్టి ముందు ఖాళీ అంతా నలగడానికే అనుకుంటారు. ఆ ఖాళీలో పెట్రోల్ ట్యాంకు ఉందన్న సంగతి బానెట్ ఎత్తితేగానీ తెలియదు. స్పేర్ చక్రం, దాని వెనుక ట్యాంకు, ఆ వెనుక పలుచని రేకు, ఆ తర్వాత మీ కాళ్లు. పాత బీటిల్‌లలో స్టీరింగ్ కడ్డీ కూడా బండి మూతి దగ్గర నుంచే మొదలై తిన్నగా ఛాతీ వైపు వస్తుంది. 1968 మోడళ్ల నుంచి నలిగే స్టీరింగ్ కాలమ్ వచ్చింది. కాబట్టి బీటిల్ అయితే 1968కి ఇవతలిదే. ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు పైపులు పగుళ్లిచ్చి ఉంటే బేరం మాట్లాడే ముందే వాటి మాట ఎత్తండి.

స్టాండర్డ్ హెరాల్డ్, పాత ఫియట్ 500 లాంటివి కూడా అప్పుడప్పుడు అమ్మకానికి వస్తాయి. హెరాల్డ్‌కు చాసిస్ (కింది ఇనుప చట్రం) వేరు, బాడీ వేరు. ఫియట్ 500 అర టన్ను బండి, దాని ట్యాంకు కూడా ముందే, 1965 దాకా తలుపులు వెనక్కి తెరుచుకునేవి. వాటిని షోకు బండ్లుగా మాత్రమే చూడటం మంచిది.

బండి కింద దూరి చూడాల్సినవి

ఇక్కడే కాస్త ఆగుతాను, ఎందుకంటే అసలు తేడా ఇక్కడే ఉంది. మన నాలుగు బండ్లకు హెరాల్డ్‌లా వేరే చాసిస్ ఉండదు, బాడీయే అంతా. బీటిల్‌కు అడుగు పళ్లెం విడిగా ఉన్నా, దాని బలం కూడా తలుపుల కిందే. డ్రైవర్ గదిని నిలబెట్టేది తలుపుల కింద పొడుగ్గా వెళ్లే పెట్టెలాంటి భాగం, అడుగు రేకు, అద్దం పక్కనున్న స్తంభాలు. తుప్పు ముందు పట్టేదీ అక్కడే. బీటిల్‌లో ఆ తలుపుల కింది పెట్టెలోంచే వేడిగాలి క్యాబిన్‌లోకి పోతుంది, తడి చేరి లోపలి నుంచి తినేస్తుంది. మినీలో అదే చోటుతో పాటు వెనుక సబ్‌ఫ్రేమ్, అంటే వెనుక చక్రాలను మోసే చట్రం, చూడాలి. పద్మిని, 800లలో పాదాల కింద మ్యాట్ ఎత్తితే సగం కథ తెలిసిపోతుంది.

ఓ చిన్న అయస్కాంతానికి పలుచని గుడ్డ చుట్టి జేబులో వేసుకెళ్లండి. తలుపు కింద అంగుళం అంగుళం జరుపుతూ పోండి. గట్టిగా అంటుకుంటూ వచ్చి ఒకచోట జారిపోయిందంటే అక్కడ రేకు లేదు, పుట్టీ ఉంది. పైన పెయింట్ అద్దంలా మెరుస్తూ ఉంటుంది. తర్వాత స్క్రూడ్రైవర్ మొనతో అడుగు భాగాన్ని నొక్కండి. మంచి రేకు అయితే టక్కుమంటుంది, పుచ్చిపోయిందైతే గరగర రాలుతుంది. యజమాని మొహం చిట్లిస్తాడు, పట్టించుకోవద్దు. ఆ తర్వాత జాకీతో ఒక పక్క ఎత్తించి, ఎత్తిన స్థితిలోనే తలుపు తీసి వేయండి. నేల మీద ఉన్నప్పుడు హాయిగా పడిన తలుపు ఇప్పుడు పట్టేస్తే, బాడీ వంగుతోందని అర్థం. జాకీ బరువుకే వంగేది లారీ దెబ్బకు ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఇంకోటి, బానెట్ ఎత్తి పక్క రేకులు కలిసే అంచులు చూడండి. కంపెనీ వెల్డింగ్ అయితే వరసగా గుండ్రని చిన్న గుంతలు, మధ్య దూరం సమానంగా ఉంటుంది. టింకరింగ్ షెడ్డులో చేసిందైతే గీతలా, ఉబ్బుగా ఉంటుంది. అంటే బండి ఎప్పుడో ముందు భాగం గుద్దుకుని లేచిందే. బాగా చేసి ఉండొచ్చు, కానీ ధర ఆ లెక్కనే ఉండాలి.

నా దృష్టిలో తుప్పు లేని 2004 నాటి 800, పుట్టీతో మెరిసే మినీకన్నా నాలుగింతలు మేలు.

కొన్నాక మార్చగలిగేవి, మార్చలేనివి

ఎయిర్‌బ్యాగు తర్వాత పెట్టించడం కుదరదు. పెట్టిస్తామని ఎవరైనా అంటే నమ్మకండి. అది సెన్సార్లతో, స్టీరింగ్‌తో, సీటుతో కలిపి ఆ బాడీకి లెక్కగట్టి చేసే వ్యవస్థ.

సీటు బెల్టు పెట్టించొచ్చు, పెట్టించాలి. అయితే మామూలుగా జరిగేదేంటంటే, మధ్య స్తంభం రేకుకు డ్రిల్లుతో ఓ రంధ్రం వేసి, బోల్టు బిగించి "అయిపోయింది సార్" అంటారు. 20 రెట్ల బలం వచ్చినప్పుడు ఆ బోల్టు రేకును చీల్చుకుని బయటికొస్తుంది. స్తంభం లోపల మందపాటి ఉక్కు పలక పెట్టి, దానికి నట్టు వెల్డ్ చేయించి, అప్పుడు బోల్టు బిగించాలి. కింది రెండు కొసలూ అంతే, అడుగు రేకుకు బయటివైపు పలక ఉండాలి. నడుముకు మాత్రమే కట్టే బెల్టు చాలదు. ముందు సీట్లలో అది ఉంటే మొహం వెళ్లి స్టీరింగ్‌కు కొట్టుకుంటుంది. బెల్టు పాతదైతే, ఒకసారి యాక్సిడెంట్‌లో లాగబడినదైతే, పీచు లేచి కనబడినా కనబడకపోయినా నమ్మడానికి లేదు. అలాంటిది మార్చేయండి.

చేయకూడనివి కూడా ఉన్నాయి. ముందు ఇనుప గార్డులు బిగించడం పాత బండ్ల వాళ్లకు సరదా. 2017 చివర్లో కేంద్రం వాటిని చట్టవిరుద్ధమని రాష్ట్రాలకు రాసింది. నలగాల్సిన కాస్త చోటును కూడా ఆ గార్డు నలగనివ్వదు. అందంగా ఉందని పెట్టే చెక్క స్టీరింగ్ చక్రం విరిగితే ముక్కలు ఎక్కడ గుచ్చుకుంటాయో ఆలోచించండి. వెనుక అద్దం దగ్గర బరువైన స్పీకర్లు, డిక్కీలో కట్టని జాకీ, టూల్ బాక్సు కూడా అంతే. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. ఈ బండ్లు తక్కువ తిరుగుతాయి కాబట్టి గీతలు కొత్తగానే ఉంటాయి, రబ్బరు మాత్రం గట్టిపడి బ్రేకు వేయగానే జారిపోతుంది. బ్యాటరీ తీగ కోసే స్విచ్చు ఒకటి, చేతికందేలా మంటలార్పే సిలిండరు ఒకటి పెట్టించండి. పెద్ద ఖర్చేం కాదు.

యాభై ఏళ్లు దాటిన బండి అయితే 2021 నాటి వింటేజ్ నిబంధనలు వర్తించేలా వీఏ సిరీస్ నంబరుకు వెళ్లొచ్చు. కొత్తగా నమోదుకు 20,000 రూపాయలు, తర్వాత పునరుద్ధరణకు 5,000. ఆ నంబరుతో రోజువారీ తిరగడానికి వీల్లేదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోల్ కోసం, రిపేరు కోసం మాత్రమే. భద్రత దృష్టితో చూస్తే అది ఆంక్ష కన్నా మేలే అనిపిస్తుంది.

ఎవరికి ఏది

రోజూ ఆఫీసుకు, పిల్లల స్కూలుకు ఒకే కారు ఉండాలంటే వీటిలో ఏదీ వద్దు. సెకండ్ హ్యాండ్‌లోనే చూడండి, కానీ 2019 తర్వాతిది. ఆ ఏడాది జులై నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగు, అక్టోబర్ నుంచి ముందు భాగం క్రాష్ పరీక్ష అన్ని మోడళ్లకూ తప్పనిసరయ్యాయి. ఇంట్లో అలాంటి కారు ఒకటి ఉండి, సరదాకు రెండోది కావాలంటే, బడ్జెట్ తక్కువైతే 2003 తర్వాతి 800. ఊళ్లోనే నెమ్మదిగా, ఇద్దరు ముగ్గురితో తిరగడానికి, ఆ కాలపు అనుభూతి కోసమైతే మంచి అడుగుభాగం ఉన్న పద్మిని, బెల్టులు పైన చెప్పినట్టు బిగించి. మినీ, బీటిల్ కొనేవాళ్లు ఎలాగూ మనసుతోనే కొంటారు. వాళ్లకు చెప్పేదల్లా 1996, 1968 అన్న రెండు సంవత్సరాలు గుర్తుపెట్టుకోమనే.

చివరగా అందరూ అడిగేది: పిల్లల్ని ఎక్కించుకోవచ్చా? పిల్లల సీటు బిగించాలంటే వెనుక గట్టి బెల్టు ఉండాలి, 2002కు ముందటి మన బండ్లలో అది మామూలుగా ఉండదు. బెల్టులు లేకుండా తయారైన పాత కార్ల విషయంలో ఇంగ్లండ్‌లో ఒక నియమం ఉంది: మూడేళ్లలోపు పిల్లల్ని అందులో ఎక్కించుకోకూడదు, అంతకు మించిన పిల్లలు వెనుక సీట్లోనే కూర్చోవాలి. ఎక్కడి నియమమైతేనేం, నేను అదే పాటించమంటాను. ఎంత మారాం చేసినా సరే, బెల్టు లేని బండి పక్కన నిలబెట్టి ఫొటో తీయడం వరకే.